పుస్తకం ఇంట్లోనే ఉండాలి, అక్షరం ఊరూరికీ పోవాలి



మన కాగజ్‌నగర్ పేరులోనే కాగితం ఉంది. ఒకప్పుడు ఈ ఊరి పేరు కొత్తపేట. నిజాం పాలనలో 1938లో ఇక్కడ సిర్పూర్ పేపర్ మిల్లును స్థాపించారు. 1942లో కాగితం తయారీ మొదలైంది. ఉర్దూలో కాగజ్ అంటే కాగితం కాబట్టి కొత్తపేట కాస్తా కాగజ్‌నగర్ అయింది. ఆ మిల్లుకు ముడిసరుకు కంక, అంటే వెదురు. కంక మన అడవిది. దాన్ని నరికి, కట్టలు కట్టి, బండ్లకెత్తిన చేతుల్లో మన తాతలవీ ఉన్నాయి.

అదే కాలంలో, 1940లో, జోడేఘాట్ గుట్టల్లో కొమురం భీం నేలకొరిగాడు. ఆయన అడిగింది జల్, జంగల్, జమీన్. అడవికి సర్కారు గీతలు గీసి మన ఊళ్లను లేపేస్తున్న రోజులవి. ఒక పక్క మన మనుషులు అడవి కోసం ప్రాణాలు ఇస్తుంటే, ఇంకో పక్క ఆ అడవి కంకతో కాగితం చేసే మిల్లు లేస్తున్నది. ఆ కాగితం దేశమంతా పోయింది. దాని మీద ఎందరి చరిత్రలో అచ్చయ్యాయి. మరి మన చరిత్ర ఏ కాగితం మీద ఉంది?

చాలామంది “మనకు రాసిన చరిత్ర లేదు” అని జవాబిస్తారు. ఆ మాట నిజం కాదని చెప్పడానికి, ఉన్నదాన్ని మన చేతులతోనే చెడగొట్టుకోకుండా ఎలా నకలు తీసుకోవాలో చెప్పడానికి ఈ వ్యాసం రాస్తున్నాం.

కిక్రి మోసిన చరిత్ర

మన చరిత్ర ముందు పాటలో ఉంది. నాలుగు సగల పుట్టుక, పెర్సపెన్ కథలు, ఏ ఇంటిపేరు వాళ్లు ఎక్కడి నుంచి ఎక్కడికి వచ్చారన్నది పర్ధాన్ పెద్దలు కిక్రి వాయిస్తూ తరతరాలుగా పాడుతూ వచ్చారు. గోండులకు చరిత్ర చెప్పే హక్కు, బాధ్యత పర్ధానులవి. పెళ్లిలో, చావులో, పెన్ పూజలో పర్ధాన్ పాడకపోతే ఆ పని పూర్తి కాదు.

కొమురం భీం పోరాటం తర్వాత ఆదివాసుల కష్టాలకు కారణాలు తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ సేవలను వాడుకుంది. ఆయన భార్య ఎలిజబెత్‌తో కలిసి మర్లవాయిలో ఉండి పని చేశాడు. 1943లో అక్కడ గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రం మొదలైంది. గోండి పిల్లల కోసం గోండి భాషలోనే వాచకాలు వేశారు. అయితే వాటిని దేవనాగరి లిపిలో అచ్చువేశారు. మన ప్రాంతంలో మరాఠీ చదువు అప్పటికే కొంత తెలిసి ఉండటం అందుకు ఒక కారణం. గోండికి తనదైన లిపి లేదనే అభిప్రాయం ఆ తర్వాత కూడా చాలాకాలం చదువుకున్నవాళ్లలో నిలిచిపోయింది.

హైమన్‌డార్ఫ్ ఆ రోజుల్లో తీసిన ఫొటోలు లండన్ విశ్వవిద్యాలయానికి చెందిన ప్రాచ్య, ఆఫ్రికా అధ్యయనాల సంస్థలో ఉన్నాయి. వాటిని స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో పెట్టారు. ఇవాళ మర్లవాయి పిల్లవాడు తన ముత్తాతల కాలపు దండారిని ఫోన్‌లో చూడగలడు. స్కాన్ చేసే మేలు అది. కానీ మన ముత్తాతల ఫొటోల అసలు ప్రతులు సముద్రాల అవతల ఉన్నాయన్నది కూడా మరచిపోవద్దు.

గుంజాల ఇళ్లలో దొరికినవి

ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలంలో గుంజాల అనే ఊరు ఉంది. 2006 ప్రాంతంలో ఆచార్య జయధీర్ తిరుమలరావు, హైదరాబాద్ విశ్వవిద్యాలయ పరిశోధకులు అక్కడి ఇళ్లలో చేతిరాత పుస్తకాలు చూశారు. ఆ లిపి తెలుగు కాదు, దేవనాగరి కాదు, మోడీ కాదు. భాష గోండి, లిపి కూడా గోండిదే. వాటిలో పాతవి 1750 ప్రాంతానివని పరిశోధకుల అంచనా. అలా బయటపడిన లిపికి ఊరి పేరే పెట్టారు. అదే గుంజాల గోండి లిపి.

ఇక్కడ గమనించాల్సిన సంగతులు రెండున్నాయి.

మొదటిది, ఆ పుస్తకాలు ఏ రాజు కోటలోనో, ఏ గ్రంథాలయం బీరువాలోనో దొరకలేదు. మామూలు ఇళ్లలో దొరికాయి. పొయ్యి పొగ, వానాకాలపు చెమ్మ, చెదలు, ఎలుకలు అన్నీ ఉండే ఇళ్లలో ఇన్నేళ్లు బతికాయి. ఎందుకంటే ఆ ఇంటివాళ్లు వాటిని తమవని అనుకున్నారు. గుడ్డలో చుట్టి, పైన పెట్టి, పిల్లలకు అందకుండా దాచారు.

రెండోది, ఆ లిపిని చదవగలిగిన పెద్దలు కొందరు గుంజాలలో అప్పటికి ఇంకా బతికి ఉన్నారు. వాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. అయినా వాళ్లు ఉండబట్టే ఆ గీతలు అక్షరాలయ్యాయి. పుస్తకం దొరికి, చదివేవాళ్లు లేకపోతే ఏమవుతుందో ప్రపంచంలో ఉదాహరణలు చాలా ఉన్నాయి. సింధు నాగరికత ముద్రలు వందేళ్లకు పైగా మ్యూజియాల్లో ఉన్నా, వాటి మీద రాసింది ఏమిటో అందరూ ఒప్పుకునేలా ఇంతవరకు ఎవరూ చదవలేదు. మన అక్షరాలకు ఆ గతి పట్టకపోవడానికి గుంజాల పెద్దలే కారణం.

అక్షరం ఫోన్‌లోకి ఎలా వచ్చింది

కంప్యూటర్లలో, ఫోన్లలో ప్రపంచ లిపులన్నీ పని చేయడానికి యూనికోడ్ అనే ఉమ్మడి పద్ధతి ఉంది. ప్రతి అక్షరానికి అందులో ఒక సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్య లేని లిపిని ఫొటోగా పంపుకోగలం గానీ, టైపు చేయలేం, వెతకలేం. కొత్త లిపిని చేర్చమని అడగాలంటే ఆ అక్షరాలు నిజంగా వాడుకలో ఉన్నాయని చూపే నమూనాల చిత్రాలు జతచేయాలి. చిత్రాలు స్పష్టంగా ఉండాలి. మసకబారిన జిరాక్స్‌లో ఒక గుడి ఉందో లేదో తేలకపోతే అక్షరమే తప్పవుతుంది.

గుంజాల గోండి 2018 జూన్‌లో వచ్చిన యూనికోడ్ 11.0లో చేరింది. అంతకు ఏడాది ముందు, 2017 జూన్‌లో, మసారాం గోండి లిపి చేరింది. ఆ లిపిని 1918లో మధ్యప్రదేశ్‌లోని బాలాఘాట్ ప్రాంతానికి చెందిన మున్షీ మంగళ్ సింగ్ మసారాం రూపొందించారు. రెండూ గోండికే అయినా రెండూ వేరు వేరు లిపులు. ఈ తేడా మన యువతలో చాలామందికి తెలియదు, తెలుసుకోవాలి.

యూనికోడ్ పట్టికలో గుంజాల గోండి హల్లులు క, ఖ, గ అని మొదలు కావు. య, వ, బ, భ, మ, క అని మొదలవుతాయి. మన పెద్దలు నేర్పే వరుసనే ఆ పట్టికలో ఉంచారు. పక్క భాష వరుసలోకి మన అక్షరాలను సర్దలేదు. చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, ఒక ఊళ్లో దాచుకున్న పుస్తకాలకు, వాటిని చదివిన పెద్దల నోటికి ప్రపంచం ఇచ్చిన గౌరవం అది. ఇప్పుడు ఈ లిపికి నోటో కుటుంబంలో ఉచిత ఫాంటు కూడా ఉంది.

కాబట్టి వరుస ఇలా ఉంది: ఇంట్లో పుస్తకం నిలిచింది, పెద్దలు చదివారు, స్పష్టమైన చిత్రాలు దొరికాయి, అక్షరం ఫోన్‌లోకి వచ్చింది. ఇందులో ఏ ఒక్కటి తెగినా మిగతావి ఆగిపోయేవి.

నకలు తీసి అసలును పోగొట్టుకున్నవాళ్లు

“ఫొటో తీశాం కదా, ఇక పాత పుస్తకం ఎందుకు?” అనే మాట మన ఊళ్లలో వింటుంటాం. పెద్ద పెద్ద దేశాలు కూడా ఆ మాట నమ్మి నష్టపోయాయి. ఇరవయ్యో శతాబ్దంలో అమెరికాలోని గ్రంథాలయాలు పాత వార్తాపత్రికలను మైక్రోఫిల్ముల మీదికి ఎక్కించి, అసలు పత్రికలను కోసేసి, అమ్మేసి, పారేశాయి. ఆ ఫిల్ములు నలుపు తెలుపువి. కొన్నింటిలో పేజీలు తప్పిపోయాయి, కొన్ని అక్షరాలు కానరాకుండా ఉన్నాయి. తిరిగి తీద్దామంటే అసలు ప్రతులు లేవు. నికల్సన్ బేకర్ అనే రచయిత 2001లో దీని మీద ఏకంగా ఒక పుస్తకమే రాశాడు.

ఇంకో కథ దీనికి రెండో వైపు చూపిస్తుంది. గ్రీకు గణిత శాస్త్రవేత్త ఆర్కిమెడీస్ రచనలున్న ఒక చర్మపు పుస్తకాన్ని పదమూడో శతాబ్దంలో గీకి, దాని మీద ప్రార్థనలు రాశారు. 1906లో హైబర్గ్ అనే డెన్మార్క్ పండితుడు దాన్ని గుర్తుపట్టి, పేజీలకు ఫొటోలు తీయించాడు. తర్వాత ఆ పుస్తకం చేతులు మారి బాగా పాడైంది, కొన్ని ఆకులు పోయాయి. పోయిన ఆకుల్లో ఏముందో 1906 నాటి ఫొటోల వల్లే తెలిసింది. అయితే 1999 తర్వాత అమెరికాలోని బాల్టిమోర్‌లో అదే పుస్తకాన్ని రకరకాల కాంతుల్లో చిత్రించినప్పుడు, హైబర్గ్ చదవలేకపోయిన వరుసలు కూడా బయటపడ్డాయి. పుస్తకం పోగొట్టుకున్నదాన్ని ఫొటో కాపాడింది. ఫొటో పట్టుకోలేనిదాన్ని పుస్తకం తనలో దాచి ఉంచింది. రెండూ ఉండాలి.

మన రాష్ట్రం సంగతికి వద్దాం. 2000 ఆగస్టులో హైదరాబాద్‌లో కుండపోత వాన పడ్డప్పుడు సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోకి నీళ్లు వచ్చి, అక్కడి ఉర్దూ పరిశోధన కేంద్రపు అరుదైన పుస్తకాలు తడిసిపోయాయి. ఒక్క రాత్రి వాన అంత పని చేసింది. ఆ తర్వాతి సంవత్సరాల్లో మన తెలుగువాడైన రాజ్ రెడ్డి చొరవతో మిలియన్ బుక్ ప్రాజెక్టు మొదలై, దేశంలో భారతీయ డిజిటల్ గ్రంథాలయంగా పెరిగింది. హైదరాబాద్‌లో వేల తెలుగు పుస్తకాలను స్కాన్ చేశారు. పుస్తకాన్ని బోర్లించి అద్దానికి అదమకుండా, తెరిచి పెట్టి పైనుంచి చిత్రం తీసే యంత్రాలు వాడారు. అది మేలైన పద్ధతి. కానీ తొందరలో కొన్ని పుస్తకాల్లో పేజీలు జారిపోయాయి, అంచు అక్షరాలు తెగిపోయాయి, పేర్లు తప్పుగా నమోదయ్యాయి. పేరు తప్పయితే పుస్తకం ఉండీ లేనట్టే, వెతికినా దొరకదు. తర్వాత ఆ వెబ్‌సైటు కూడా ఆగిపోయింది. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో నకళ్లు ఉండబట్టి ఆ పుస్తకాల్లో చాలావరకు ఇప్పటికీ చదువుకోగలుగుతున్నాం.

కాగితం ఎందుకు పెళుసవుతుంది

కాగితపు ఊరివాళ్లం, ఈ సంగతి మనకు తెలిసి ఉండాలి.

మిల్లులు రాకముందు కాగితాన్ని చేతితో చేసేవారు. మన ఉత్తర తెలంగాణలో కోరుట్ల అందుకు పేరుపడ్డ ఊరు. కాగజీ కుటుంబాలు నారను, పాత గుడ్డ పీలికలను నానబెట్టి, దంచి, జల్లెడలాంటి చట్రం మీద పలుచగా తీసి కాగితం చేసేవి. అందులో పొడుగు నార ఉంటుంది, ఆమ్లం తక్కువ. అందుకే రెండు వందల ఏళ్లనాటి చేతి కాగితం ఒక్కోసారి నిన్న మొన్నటి నోటుబుక్కు కంటే గట్టిగా ఉంటుంది.

మిల్లు కాగితం కథ వేరు. సిరా పాకిపోకుండా ఉండటానికి పందొమ్మిదో శతాబ్దం నుంచి కాగితంలో పటిక, చెట్టు బంక కలిపారు. ఆ పటిక చెమ్మతో కలిసి ఆమ్లాన్ని పుట్టిస్తుంది. ఆమ్లం నారను లోపలి నుంచి తెంపుతూ పోతుంది. చౌక కాగితంలో చెక్కలోని లిగ్నిన్ కూడా మిగిలి ఉంటుంది, అది ఎండ తగిలితే పసుపుబారుతుంది. అందుకే తాత కాలపు అచ్చు పుస్తకం మూల మడిచితే చాలు, అప్పడంలా విరుగుతుంది. అంటే 1940లలో అచ్చయిన పాత వాచకాలు, సంఘం కరపత్రాలు, రశీదు పుస్తకాలు చేతిరాత పుస్తకాల కంటే ముందే పోయే ప్రమాదం ఉంది. పాతదే విలువైనదని అనుకుని వీటిని వదిలేయవద్దు.

సిరా సంగతి కూడా చూడాలి. దీపం మసితో చేసిన సిరా ఎండకు అంత తొందరగా వెలిసిపోదు, కానీ కాగితం పైపైనే నిలుస్తుంది. తడి గుడ్డతో తుడిస్తే అక్షరం గుడ్డకు వస్తుంది. పాత పుస్తకాన్ని శుభ్రం చేస్తున్నామని తడి చేయి పెట్టడం, దాన్ని కడిగేయడం ఒక్కటే.

నొప్పి తగలకుండా నకలు

మనలో చాలామంది చేతిలో ఇప్పుడు ఫోన్ ఉంది. దానితోనే మంచి పని చేయవచ్చు. ముందు చేయకూడనివి చెప్పుకుందాం.

జిరాక్స్ యంత్రం మీద పాత పుస్తకాన్ని బోర్లించకూడదు. మూత పెట్టి అదిమితే కుట్టు తెగుతుంది, వెన్ను విరుగుతుంది. ఆకులు విడదీసి ఒక్కొక్కటిగా యంత్రంలోకి పంపడం అంతకంటే పెద్ద నష్టం. చిరిగినచోట సెల్లో టేపు అంటించకూడదు, దాని జిగురు కొన్నేళ్లకు గోధుమరంగు మరకగా కాగితంలోకి దిగుతుంది. అన్నింటికంటే ముఖ్యం, లామినేషన్ చేయించకూడదు. “గట్టిగా ఉంటుంది కదా” అని వేడి ప్లాస్టిక్‌లో పెట్టిస్తే ఆమ్లం లోపలే బందీ అవుతుంది, తర్వాత ఎవరూ ఆ ప్లాస్టిక్‌ను సురక్షితంగా తీయలేరు. వేలికి ఉమ్మి తడి చేసుకుని పేజీ తిప్పే అలవాటు కూడా మానాలి.

ఇక చేయాల్సినవి.

చేతులు సబ్బుతో కడిగి, బాగా ఆరనివ్వాలి. సినిమాల్లో చూపినట్టు తెల్ల చేతిగుడ్డలు అక్కరలేదు. వాటితో పలుచని ఆకు అంచు తెలియదు, చిరుగుతుంది. పొడి, శుభ్రమైన చేతులే మేలని గ్రంథాల సంరక్షణ తెలిసినవాళ్లు కూడా చెబుతారు. దుమ్ము ఉంటే మెత్తని కుంచెతో కుట్టు వైపు నుంచి బయటి వైపు మెల్లగా దులపాలి.

పుస్తకాన్ని నేల మీద పరిచినట్టు పూర్తిగా తెరవకూడదు. రెండు వైపులా చుట్టిన దుప్పట్లు గానీ, గుడ్డ చుట్టిన ఇటుకలు గానీ ఏటవాలుగా పెట్టి, మధ్యలో పుస్తకాన్ని ఒడిలో బిడ్డలా కూర్చోబెట్టాలి. పుస్తకం 90 నుంచి 100 డిగ్రీల వరకు తెరుచుకుంటే చాలు. పెద్ద గ్రంథాలయాల్లో వాడే ఖరీదైన స్కానర్లు కూడా ఇదే ఆకారంలో, అంటే తెరిచిన దోసిలిలా ఉంటాయి. ముందు కుడి పేజీలన్నీ వరుసగా తీసి, తర్వాత పుస్తకం దిశ మార్చి ఎడమ పేజీలన్నీ తీస్తే, ప్రతిసారీ పుస్తకాన్ని కదిలించే పని ఉండదు.

ఫోన్‌ను స్టాండ్‌కు బిగించాలి. కెమెరా కన్ను పేజీకి సరిగ్గా ఎదురుగా ఉండాలి, లేకపోతే అక్షరాలు ఒక పక్కకు వాలుతాయి. ఫ్లాష్ వద్దు, మెరుపు పడి సిరా కనిపించదు. ఎండలో పెట్టవద్దు. నీడపట్టున కిటికీ వెలుతురు గానీ, రెండు పక్కల నుంచి పడే ఎల్‌ఈడీ దీపాలు గానీ సరిపోతాయి. మొదటి చిత్రంలో పుస్తకం పక్కన స్కేలు పెడితే దాని కొలత తర్వాతివాళ్లకు తెలుస్తుంది. స్కానర్ దొరికితే 300 డీపీఐకి తగ్గకుండా, రంగుల్లో తీయాలి.

మనవాళ్లు వాడే స్కాన్ యాప్‌లతో ఒక చిక్కుంది. అవి కాగితాన్ని తెల్లగా, అక్షరాన్ని నల్లగా చేసి చూపిస్తాయి. చూడటానికి బాగుంటుంది. కానీ వెలిసిన గుడి, చుక్క, అంచున పెన్సిల్‌తో రాసిన మాట ఆ తెలుపులో కలిసిపోతాయి. అందుకే మామూలు కెమెరాతో, పూర్తి సైజులో తీసి, ఆ అసలు చిత్రాన్ని ఏ మార్పూ చేయకుండా దాచాలి. చదువుకోవడానికి కావాలంటే వేరే నకలును తెల్లగా చేసుకోవచ్చు. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే చిత్రం చిన్నదై వివరాలు పోతాయని కూడా గుర్తుంచుకోవాలి.

అట్ట, ఖాళీ పేజీలు, చిరిగిన ముక్కలు, చుట్టిన గుడ్డ అన్నీ తీయాలి. ఆ ఇంటి నుంచి లేచే ముందే పేజీలనూ చిత్రాలనూ లెక్క చూసుకోవాలి. రెండు ఆకులు అతుక్కుని ఉంటే విడదీయవద్దు, అక్కడ ఆగి రాసి పెట్టుకోవాలి. తడిసిన పుస్తకాన్ని ఎండలో ఆరబెట్టవద్దు, నీడలో గాలికి ఆరనివ్వాలి. బూజు పట్టినదాన్ని మిగతావాటికి దూరంగా పెట్టాలి. ఇలాంటివాటికి హైదరాబాద్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలోని ప్రాచ్య లిఖిత గ్రంథాలయం లాంటిచోట తెలిసినవాళ్ల సలహా అడగాలి. ఆ రోజు కొన్ని పేజీలు మిగిలిపోయినా ఫరవాలేదు. పుస్తకం విరగడం కంటే అది నయం.

అడిగి తీయాలి, చదివించి దాచాలి

పుస్తకం ఎవరిదో వాళ్లను అడగకుండా ఒక్క పేజీ కూడా తీయకూడదు. అందులో పెన్ పూజకు సంబంధించినవి ఉండవచ్చు. కొన్ని సంగతులు కటోడ చదవాలి, కొన్ని పర్ధాన్ పాడాలి, కొన్ని ఆ సగ వాళ్లు మాత్రమే వినాలి. ఏది అందరికీ చూపాలి, ఏది ఇంటివాళ్లకే ఉంచాలి అన్నది ఆ పెద్దలు తేల్చాలి. తీసినదాని నకలు ముందు ఆ ఇంటికే ఇవ్వాలి.

పుస్తకాన్ని “బాగు చేసి తెస్తాం” అని తీసుకుపోవద్దు, తీసుకుపోనివ్వద్దు. అంతరించే ప్రమాదంలో ఉన్న రాతప్రతుల కోసం 2004 నుంచి నడుస్తున్న బ్రిటిష్ లైబ్రరీ కార్యక్రమం కూడా అసలు ప్రతులు పుట్టిన దేశం దాటకూడదన్న నియమం పెట్టుకుంది. లండన్‌లాంటి చోటే ఇవాళ ఆ పద్ధతి పాటిస్తుంటే, మనం పక్క ఊరివాళ్లకు ఎందుకు అప్పగించాలి? కొనడానికి వచ్చేవాళ్ల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. 75 ఏళ్లు దాటిన, విలువైన చేతిరాత గ్రంథాలు 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి వస్తాయి. వాటిని సొంతంగా దేశం దాటించడం నేరం.

చిత్రం తీశాక పని సగమే అయినట్టు. ఫైలుకు ఊరు, పుస్తకం, పేజీ సంఖ్య తెలిసేలా పేరు పెట్టాలి. పుస్తకం ఏ తరం నుంచి ఆ ఇంట్లో ఉంది, ఎవరు రాశారని చెబుతారు, ఎవరు చదవగలరు అన్నది పక్కనే రాసి పెట్టాలి. నకళ్లు మూడు ఉండాలి. ఒకటి కంప్యూటర్‌లో, ఒకటి విడి హార్డ్‌డిస్క్‌లో, ఒకటి వేరే ఊళ్లో. ఏడాదికి ఒకసారి మూడింటినీ తెరిచి చూడాలి, ఎందుకంటే హార్డ్‌డిస్క్ చెదలు పట్టకుండానే చస్తుంది.

అన్నింటికంటే ముఖ్యం, ఆ పేజీని పెద్దవాళ్ల చేత చదివించి, గొంతు రికార్డు చేయాలి. గోండిలో చదివినది చదివినట్టే ఉంచి, తర్వాత అర్థం అడగాలి. చేతిరాత గుంజాల గోండిని నమ్మకంగా చదివిపెట్టే యంత్రం మన చేతికి ఇంకా రాలేదు. చదివే మనిషి పోతే చిత్రం ఎంత స్పష్టంగా ఉన్నా అది బొమ్మగానే మిగులుతుంది. పుస్తకం ఇంకో పదేళ్లు ఆగగలదేమో, ఎనభై ఏళ్ల తాత ఆగలేడు. అందుకని పని పెద్దల దగ్గర మొదలుపెట్టాలి.

ఈ దండారికి మన పని

సిర్పూర్ మిల్లు 2014లో మూతపడినప్పుడు కాగజ్‌నగర్‌లో ఎన్ని పొయ్యిలు చల్లబడ్డాయో మనం చూశాం. 2018లో అది కొత్త యాజమాన్యంతో మళ్లీ తెరుచుకుంది. మూతపడ్డ మిల్లును తిరిగి తెరవవచ్చు. విరిగి పొడి అయిన పేజీని తిరిగి తేలేం.

దీపావళికి ముందు దండారి బృందాలు ఊరూరూ తిరుగుతాయి. గుస్సాడీలతో పాటు మనమూ పోతాం, ఒకరి ఇంట్లో ఒకరం ఉంటాం, తింటాం. ఈసారి పోయినప్పుడు ప్రతి ఊళ్లో ఒక మాట అడుగుదాం: “అవ్వా, తాతా, మీ ఇంట్లో పాత పుస్తకం, కాగితాల మూట ఏదైనా ఉందా? దాన్ని చదవగలిగినవాళ్లు ఎవరు?” చూపిస్తే చేతులు కడుక్కుని చూద్దాం. చూపించకపోతే బలవంతం చేయవద్దు, వచ్చే ఏడాది మళ్లీ అడుగుదాం. ఉందన్న సంగతిని మాత్రం ఊరి పేరుతో, తేదీతో ఒక నోటుబుక్కులో రాసుకుందాం. ఆ నోటుబుక్కులు ఊరికి ఒకటి చొప్పున తయారైతే, ఏ మూట దగ్గరికి ముందు పోవాలో, ఏ తాత దగ్గర ముందు కూర్చోవాలో మనకు తెలుస్తుంది.

జై సేవ! జై జంగో, జై లింగో!